సముద్రం పనులు పురోగతిలో ఉన్నవి

మా తుమ్మలగుట్టకు సముద్రం మంజూరైన సంగతి మొదట తెలిసింది వెల్డింగ్ మద్దిలేటికి. ఆఖరున తెలిసింది మంజూరు చేయించుకున్న మునిసిపాలిటీకి.

తుమ్మలగుట్ట ఎక్కడుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. రాయలసీమలో, నాపరాళ్లకు పేరుపడిన ఊరు మాది. మావాళ్లు సముద్రం చూడాలంటే రెండు బస్సులు మారి, ఒక రైలెక్కి, దిగి, ఎవరినైనా దారి అడగాలి. కొళాయిల దగ్గర బిందెలు వాటంతటవే వరుసలో కూర్చుని ఉంటాయి. వాటి వెనక మనుషులు ఉండరు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు మనిషి కూడా నిలబడడం దండగని మా ఆడవాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు.

నేను మునిసిపల్ ఆఫీసు ఎదురుగా స్టూడియో పెట్టుకున్నవాణ్ణి. ఫొటో పీరన్న అంటే అందరికీ తెలుసు. మునిసిపాలిటీ ఏ పని చేసినా, పనికి ముందు ఒక ఫొటో, పని అయ్యాక ఒక ఫొటో తీసేది నేనే. చాలా పనులకు రెండింటికీ ఒకటే ఫొటో సరిపోయేది. అందుచేత సముద్రం విషయంలో నేను చెప్పేదంతా కళ్లారా చూసింది.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు ప్రకారం ప్రతి పట్టణమూ రాబోయే తరాల కోసం ఒక దీర్ఘకాలిక బృహత్ ప్రణాళిక తయారు చేసుకోవాలి. రాజధానిలో ఒక కంపెనీ వాళ్లు ఆ పని చేసి పెడతామన్నారు. వాళ్లు అప్పటికే ఎక్కడో సముద్రం ఒడ్డునున్న ఊరికి ప్రణాళిక రాసి ఉన్నారు. అందులో ఆ ఊరి పేరు కొట్టేసి మా ఊరి పేరు పెట్టారు. ఆ పని మాత్రం చాలా శ్రద్ధగా చేశారు. ఒక్క చోట కూడా పాత పేరు మిగల్లేదు. సముద్రం మాత్రం మిగిలింది.

అది మా కౌన్సిల్‌కు వచ్చింది. మా కౌన్సిల్‌కు ఒక పద్ధతి ఉంది. సమావేశం రోజున మిలిటరీ హోటల్ నుంచి మటన్ వస్తుంది. అది వచ్చేదాకా సభ్యులు ఒకరినొకరు తిట్టుకుంటారు. వచ్చి వాసన తగలగానే మిగిలిన అంశాలన్నీ వరుసగా ఆమోదిస్తారు. బృహత్ ప్రణాళిక వాసన తర్వాత వచ్చిన అంశం.

"ఇది లావు బుక్కు ఉండాది. చదవాల్నా?" అని అడిగారు ఛైర్మన్ బయపరెడ్డి గారు.

"చదివినట్లుగా భావించి ఆమోదించడమైనది" అని కమిషనర్ సత్యవ్రతం గారు రాయించారు. పైవాళ్లు కూడా చదివినట్లుగానే భావించారు. ప్రణాళిక రాజపత్రంలో అచ్చయింది. అచ్చయినది చట్టం కనుక, ఆ రోజు నుంచి తుమ్మలగుట్టకు తూర్పున సముద్రం ఉంది.

ఆ తూర్పు వైపే నాపరాళ్ల వీధి. ఆ వీధి చివరన మద్దిలేటి ఇల్లు కట్టుకుంటున్నాడు. లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. అతని భార్య సుంకులమ్మ పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ చేసి అమ్ముతుంది. ఇద్దరి కష్టమూ కలిపి గోడలు లేపారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఆ గోడల మధ్య టార్పాలిన్ పట్ట కట్టుకుని పిల్లలతో అందులోనే ఉంటున్నారు. వానలు రాకముందే స్లాబు పడాలి. వాళ్లకు కావలసింది అంతే. కొత్త ప్రణాళిక వచ్చింది గనుక స్లాబుకు మళ్లీ అనుమతి తీసుకోవాలన్నారు. మద్దిలేటి ఆఫీసుకు పోయాడు. ఏదో ఫొటో ఇవ్వడానికి నేనూ అక్కడే ఉన్నాను.

పట్టణ ప్రణాళికాధికారి నరహరి గారు పటం విప్పి చూసి, గొంతు సవరించుకున్నారు.

"మీ స్థలము సముద్ర తీరరేఖకు నిషేధిత దూరములో ఉన్నట్లు ప్రణాళికా పటము ద్వారా స్పష్టమగుచున్నది. కావున పైకప్పు నిర్మాణమునకు అనుమతి నిరాకరించడమైనది."

"యాడుంది సార్ సముద్రం?" అన్నాడు మద్దిలేటి.

నరహరి గారు నీలిరంగు మీద వేలు పెట్టారు. "ఇక్కడ."

"ఆడ జొన్నచేను ఉండాది సార్. మా బామ్మర్దిదే."

"అంటే మీ బావమరిది సముద్రాన్ని ఆక్రమించి జొన్న వేస్తున్నాడన్నమాట. అది వేరే ఫైలు."

మద్దిలేటి నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి తూర్పు వైపు చూశాను. ఎండలో గొర్రెలు పోతున్నాయి. నరహరి గారు కూడా చూశారు. తర్వాత పటం చూశారు. మళ్లీ గొర్రెలను చూశారు. అప్పుడు ఆయన ముఖం పాలిపోయింది. పటం చుట్టి చంకన పెట్టుకుని కమిషనర్ గదికి పరుగెత్తారు.

ఛైర్మన్ గారిని పిలిపించారు. తలుపులు వేశారు గానీ, మా మునిసిపల్ ఆఫీసు తలుపులకు గొళ్లేలు లేవు.

"దాంట్లో ఏముంది సార్, సముద్రం ల్యాదు, తీసేయండని రాద్దాం" అన్నారు బయపరెడ్డి గారు.

"రాయవచ్చును. అప్పుడు, ఉన్నదని ఎవరు ఆమోదించారని అడుగుతారు" అన్నారు సత్యవ్రతం గారు.

ఛైర్మన్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్న చప్పుడు వినబడింది.

"మేము చదివినట్లుగా భావించినాము గదా సార్?"

"భావించిన ప్రతి ఒక్కరూ సంజాయిషీ ఇచ్చుకోవలసి ఉంటుంది. ప్రణాళికను సవరించుట కంటే సముద్రమును ఏర్పాటు చేయుట సులభము."

అట్లా మొదలైంది. పైనుంచి మూడు నెలలకోసారి పురోగతి నివేదిక అడుగుతారు. రోడ్లు ఎంత శాతం, పార్కులు ఎంత శాతం, సముద్రం ఎంత శాతం. మొదటిసారి 'సముద్రం పనులు పురోగతిలో ఉన్నవి' అని రాసి పంపారు. శభాష్ అని జవాబు వచ్చింది. రాష్ట్రంలో మిగతా పట్టణాల రోడ్లు, పార్కులు ఏవీ కదలనప్పుడు మా సముద్రం ఒక్కటే పురోగతిలో ఉందట. శభాష్ అన్నాక ఆగడం కుదరదు.

ముందుగా తీరం. వాగులోంచి టిప్పర్లతో ఇసుక తెచ్చి నాపరాళ్ల వీధి పొడవునా కట్టలాగా పోశారు. ఆ వీధి పక్కనే ఒక వంక పోతుంది. ఎప్పుడైనా వాన పడితే ఊరి నీళ్లన్నీ దాంట్లోనే బయటకు పోవాలి. దాన్ని కూడా ఇసుకతో పూడ్చేశారు. బజ్జీలు వేస్తున్న సుంకులమ్మ చేతిలో గరిటె పట్టుకునే కమిషనర్ గారి దగ్గరకు వచ్చింది.

"వంక పూడుస్తాండారే సార్, వాన పడితే నీళ్లు యాడికి పోవల్ల?"

"సముద్రములోకి" అన్నారు కమిషనర్ గారు.

అబద్ధం చెబుతున్నట్టు ఆయన ముఖంలో ఎక్కడా కనిపించలేదు. నేను ఫొటో తీశాను గనుక చెప్పగలను.

ఆ తర్వాత పనులు ఊపందుకున్నాయి. రంగుల గొడుగులు వచ్చాయి. 'లోతు ఎక్కువ, ఈత నిషేధం' అని బోర్డులు పాతారు. నీళ్ల ట్యాంకరు తిరగక ఖాళీగా కూర్చున్న సిబ్బందికి పసుపు బనియన్లు, ఈలలు ఇచ్చి, మునిగేవాళ్లను కాపాడే ఉద్యోగం ఇచ్చారు. వాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జొన్నచేను వైపు తదేకంగా చూస్తూ కూర్చునేవాళ్లు. ఎప్పుడూ నీళ్లెక్కని ఓవర్‌హెడ్ ట్యాంకు మీద పెద్ద దీపం బిగించి లైట్‌హౌస్ అన్నారు. ట్యాంకు కట్టినందుకు ఇన్నాళ్లకు ఒక ప్రయోజనం కనబడిందని నాకు నిజంగా సంతోషమేసింది. బస్టాండు మీద తుఫాను హెచ్చరిక జెండా ఎగరేశారు. అది ఎగిరిన రోజున ఉక్కపోతకు జనం చొక్కాలు విప్పుకుని తిరిగారు.

మా జనం మాత్రం తక్కువ వాళ్లా? వారం తిరక్కుండానే సాయంత్రమైతే తలదువ్వుకుని "బీచికి పోతాండాం" అనడం నేర్చారు. మొక్కజొన్న పొత్తులవాళ్లు వచ్చారు. గుర్రం ఒకటి వచ్చింది. కొత్తగా పెళ్లైన జంటలు ఇసుక మీద నిలబడి, పంట్లాం చీలమండల పైకి మడుచుకుని ఫొటోలు తీయమనేవాళ్లు. అలలు వచ్చినప్పుడు భయపడ్డట్టు నిలబడమని నేనే చెప్పేవాణ్ణి. నా స్టూడియో అంత బాగా ఎప్పుడూ నడవలేదు. సముద్రపు గాలికి మోకాళ్ల నొప్పులు తగ్గాయని రిటైరైన పెద్దలు చెప్పుకున్నారు. అదే గాలికి ఆఫీసు బీరువాలు తుప్పు పట్టాయని, కొత్తవి కావాలని గుమాస్తాలు రాసి పెట్టారు. జొన్నచేను అవతల 'సముద్రం కనిపించే ప్లాట్లు' అని ఒకాయన జెండాలు పాతాడు. కొన్నవాళ్లలో ఛైర్మన్ గారు కూడా ఉన్నారు.

ఏడాది తిరిగేసరికి రాష్ట్రంలోకెల్లా పరిశుభ్రమైన తీరమని మా ఊరికి అవార్డు వచ్చింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెత్త లేదు. చచ్చిన చేప లేదు. మునిగి చనిపోయినవారు సున్న. ఆ సున్నకు పసుపు బనియన్ల వాళ్లను సన్మానించారు.

ఇంత సంబరంలో మద్దిలేటి ఇంటికి మాత్రం పైకప్పు లేదు. పట్ట ఎండకు చిరిగింది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి గనుక బతికిపోయారు. మళ్లీ వానాకాలం దగ్గరకొచ్చింది. అతను వారానికోసారి ఆఫీసుకు పోయి బెంచీ మీద కూర్చునేవాడు. ఆఖరికి నరహరి గారికే జాలేసింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి మామూలు మనిషిలా మాట్లాడారు.

"చూడు మద్దిలేటీ, తీరంలో ఇల్లు కట్టకూడదు. పడవ పెట్టుకోవచ్చు. మరమ్మతులో ఉన్న పడవ ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఎవరూ అడగరు."

"నాకు పడవ ల్యాదు గదా సార్."

"నీకు గోడలున్నాయి కదయ్యా."

మద్దిలేటికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. సుంకులమ్మకు వెంటనే అర్థమైంది. మరుసటి రోజే దరఖాస్తు పెట్టారు. ఇల్లు పడవగా నమోదైంది. గోడ మీద నంబరు రాయించారు. మద్దిలేటి షెడ్డులో మిగిలిన ఇనుముతో మంచి లంగరు ఒకటి వెల్డింగ్ చేసి గుమ్మం పక్కన వేలాడదీశాడు. నరహరి గారు తనిఖీకి వచ్చి, గోడలు తట్టి చూసి, 'పడవ దృఢముగా ఉన్నది, పైభాగమున డెక్కు వేయవలసి ఉన్నది, వేసుకొనవచ్చును' అని రాశారు.

డెక్కు వేసిన రోజు వీధి వీధంతా వచ్చింది. కాంక్రీటు కలిపే మిషను తిరుగుతుంటే ఆడా మగా వరుసగా నిలబడి బాండ్లీలు చేతులు మార్చారు. కంకర తగ్గకుండా, సిమెంటు తగ్గకుండా సుంకులమ్మ దగ్గరుండి చూసుకుంది. సాయంత్రానికి పని అయిపోయింది. అందరికీ ఉగ్గాని పెట్టారు. పైన నిలబడి మద్దిలేటి ఏడ్చాడు. నాకూ కళ్లు తడిశాయి. ఊళ్లో ఏడాదిగా తీసిన ఫొటోల్లో నిజంగా జరిగిన పనిని తీసింది ఆ రోజే.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. తర్వాతి నివేదికలో పైవాళ్లు కొత్త గడి ఒకటి చేర్చారు. మత్స్య సంపద ఎంత శాతం? కమిషనర్ గారు రికార్డులు తెప్పించారు. తుమ్మలగుట్ట తీరంలో నమోదైన పడవ ఒకే ఒక్కటి. అది ఇప్పటిదాకా ఒక్క చేప కూడా తేలేదు. సత్యవ్రతం గారికి నిజంగానే కోపం వచ్చింది. మొత్తం తీరాన్ని ఈ ఒక్క పడవ వెనక్కి లాగుతోందని అన్నారు. వెంటనే నోటీసు వెళ్లింది. గడువులోగా సముద్రములోనికి వెళ్లనిచో అది పడవ కాదనియు, పడవ కానిచో గృహమనియు, గృహమైనచో కూల్చివేయదగినదనియు ఇందుమూలముగా తెలియజేయడమైనది.

సుంకులమ్మ నోటీసు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"నీళ్లుంటే పోమా సార్? నీళ్లు యాడుండాయి?"

"నీటి విషయము ఇంజనీరింగు విభాగమునకు సంబంధించినది. పడవ విషయము మీకు సంబంధించినది" అన్నారు కమిషనర్ గారు.

నాకు ఒళ్లు మండింది. ఆ మాటే చెప్పబోయాను గానీ, సుంకులమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది. "ఈ సార్లతో మాటలు పెట్టుకుంటే బజ్జీలు మాడిపోతాయి పీరన్నా" అని వెళ్లిపోయింది.

గడువు ముగిసిన రోజున జేసీబీ వచ్చింది. దాని ముందు కమిషనర్ గారి జీపు, ఛైర్మన్ గారి కారు, వెనక నరహరి గారి మోపెడ్, దాని మీద వెనక సీట్లో కెమెరాతో నేను. కూల్చకముందు ఒకటి, కూల్చాక ఒకటి తీయాలి. ఎట్లాగూ వచ్చారు గదా అని, ముందు ఇసుక మీద గొడుగుల కింద పురోగతి సభ పెట్టారు. ఛైర్మన్ గారు మైకు తీసుకుని మన సముద్రం రాష్ట్రానికే ఆదర్శమని చెబుతుండగా తుమ్మలగుట్ట మీద నల్లటి మబ్బు కనిపించింది.

అంతటి వాన మా ఊళ్లో నేను ఎరగను. మొదట అందరూ సంతోషించారు. పసుపు బనియన్ల వాళ్లు చేతులు చాచి నిలబడ్డారు. తర్వాత ఊరి నీళ్లన్నీ ఎప్పటిలాగే వంకను వెతుక్కుంటూ నాపరాళ్ల వీధికి వచ్చాయి. వంక లేదు. ఇసుక కట్ట ఉంది. నీళ్లు అక్కడే ఆగి పైకి లేచి, కట్ట మీదుగా జొన్నచేనులోకి కూడా పొర్లాయి. గొడుగులు తేలాయి. గుర్రం తాడు తెంపుకుని పారిపోయింది. జీపు మునిగింది, మోపెడ్ ఎటు పోయిందో తెలియలేదు, జేసీబీ డ్రైవరు దాని నెత్తికెక్కి కూర్చున్నాడు. 'లోతు ఎక్కువ' అన్న బోర్డులు మొదటిసారి నిజం చెప్పాయి.

"ఇట్ల రాండి సార్, మెట్ల మీదికి రాండి" అని సుంకులమ్మ గొంతు వినబడింది. మద్దిలేటి గుమ్మం దగ్గరున్న లంగరు తాడు విసిరాడు. దాన్ని పట్టుకుని ఒకరి వెనక ఒకరం ఈడ్చుకుంటూ వచ్చాము. కమిషనర్ గారు, ఛైర్మన్ గారు, నరహరి గారు, బనియన్ల వాళ్లు, నేను, వీధిలో జనం సగం మంది ఆ స్లాబు మీదికి చేరాం. సుంకులమ్మ పిల్లలిద్దరికీ పాత పట్ట కప్పి ఒక మూల కూర్చోబెట్టింది. అంచు దాకా పోవద్దని అందరికీ చెప్పింది.

వాన తెరిపిచ్చింది. కమిషనర్ గారు జుట్టులోంచి నీళ్లు పిండుకుని తూర్పు వైపు చూశారు. జొన్నచేను లేదు. ప్లాట్ల జెండాలు లేవు. కంటికి కనిపించినంత మేరా నీళ్లే. గాలికి చిన్న చిన్న అలలు కూడా లేస్తున్నాయి.

"వచ్చినది" అన్నారు ఆయన. "నరహరీ, వచ్చినది. నూటికి నూరు శాతము. పీరన్నా, ఫొటో తియ్యి."

తీశాను. పటంలో నీలిరంగు ఎక్కడిదాకా ఉందో నీళ్లు సరిగ్గా అక్కడిదాకా ఉన్నాయని నరహరి గారు చెప్పారు. ఛైర్మన్ గారు చప్పట్లు కొట్టబోయి, తన ప్లాటు గుర్తొచ్చి ఆగిపోయారు.

సత్యవ్రతం గారు మాత్రం కర్తవ్యం మరిచే మనిషి కాదు. తల వంచి కాళ్ల కింద ఉన్నదాన్ని చూశారు. కాలితో ఒకసారి తట్టారు. అది కదల్లేదు.

"నరహరీ, రాసుకో. సముద్రము పడవ వద్దకే వచ్చిననూ పడవ కదలలేదు. కావున ఇది పడవ కాదని, అక్రమ గృహమని నిర్ద్వంద్వముగా రుజువైనది. దీనిని తక్షణము కూల్చివేయుటకు ఇందుమూలముగా ఆదేశించడమైనది."

సుంకులమ్మ కొంగు పిండుకుని, దోపుకుని, కమిషనర్ గారి ముందుకు వచ్చి నిలబడింది.

"సరే సార్. పడగొట్టేటప్పుడు పైన మనుషులు ఉండగూడదు గదా. మీరు ముందు దిగండి."

కమిషనర్ గారు మెట్ల వైపు చూశారు. పైమెట్లు రెండు మాత్రం కనిపిస్తున్నాయి. మిగతావి నీళ్ల కింద ఉన్నాయి.

"ఇప్పుడా?"

"తక్షణము అన్యారు గదా సార్."

ఛైర్మన్ గారు కమిషనర్ గారి మోచేయి గట్టిగా పట్టుకున్నారు. "సార్, నాకు ఈత రాదు. మీరు ఏమన్నా రాసుకోండి గానీ ఇది అక్రమం గాదు, ఇల్లే అని రాయండి. మంచి ఇల్లు అని రాయండి."

నరహరి గారి చేతిలో కాగితం తడిసిపోయింది. నా బ్యాగులో ప్లాస్టిక్ కవరులో ఉన్న కొత్త కాగితం తీసి ఇచ్చాను. సత్యవ్రతం గారు చాలాసేపు నీళ్లను చూశారు. తర్వాత జేబులోంచి ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, నరహరి గారి వీపు మీద కాగితం పెట్టుకుని, ఈ నిర్మాణము సక్రమమైన నివాస గృహమని, దీనికి పైకప్పు సహా సమస్త అనుమతులు మంజూరు చేయడమైనదని స్వయంగా రాసి, చదువుకుని, సంతకం పెట్టారు. ఆయన ఒక కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదవడం నేను చూసింది అదే మొదటిసారి.

సుంకులమ్మ ఆ కాగితాన్ని కవరులో పెట్టి, మడిచి, జాకెట్‌లో దాచుకుంది. ఆమెకు నవ్వు రాలేదు. అలసిపోయినట్టు నిట్టూర్చి పిల్లల దగ్గరకు పోయి కూర్చుంది.

చుట్టూ నీళ్లు ఇంకొంచెం పైకి వచ్చాయి. మనుషులు ఇంకొందరు పైకెక్కారు. కమిషనర్ గారు కాళ్లు దగ్గరగా పెట్టుకుని, కింద కాంక్రీటు వైపు అనుమానంగా చూస్తూ ఆమె పక్కకు జరిగారు.

"ఏమ్మా, ఇంతమందిమి ఉన్నాము. ఈ స్లాబు గట్టిదేనా?"

"భయపడాకండి సార్" అంది సుంకులమ్మ. "మునిసిపాలిటీ యేసింది గాదు. మేము యేసుకున్నది."